38 డిగ్రీల వసంతానికి ఏ సెంటు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వసంతకాలంలో మగవాళ్లు ఏ సెంట్లు వేసుకోవాలో పేజీ నిండా రాశారు. రెండుసార్లు చదివాను. మంచు కరిగాక పచ్చిక వాసన, చల్లటి ఉదయాలు, పల్చటి స్వెట్టరు మీద ఒకసారి చల్లుకుంటే సాయంత్రం దాకా ఉండే పూల పరిమళం. చదవడానికి బాగానే ఉంది. కాకపోతే నేను ఆ పేజీ చదివింది తిరుపతి కొర్లగుంటలో, మేడ మీది గదిలో, మధ్యాహ్నం 2 గంటలకు. ఫ్యాను తిరుగుతోంది కానీ వేడి గాలే కిందికి తోస్తోంది. పడమటి గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. మా ఆవిడ మజ్జిగ తెచ్చిస్తూ నా భుజం మీద నుంచి ఆ పేజీ చూసి, “బీరువాలో నుంచి స్వెట్టరు తీయమంటారా?” అని అడిగి పోయింది.

అందుకే ఈ ఉత్తరం.

నేను సెంట్ల వ్యాపారిని కాను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైన వాణ్ని. ఎక్కువ కాలం చిత్తూరు సర్వీసు, కొన్నేళ్లు మదనపల్లె సర్వీసు. మనుషుల వాసనల గురించి కండక్టరుకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి. 50 మంది పట్టే బండిలో 80 మంది ఎక్కితే, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డ వాళ్ల చంకల కింద నుంచి దూరుకుంటూ టికెట్లు కొట్టాలి. మల్లెపూల బుట్ట, బెల్లం గంప, కోళ్ల తట్ట, పసిబిడ్డ పాల వాసన, రాత్రి తాగి పొద్దున ఎక్కినవాడి నోరు, పెళ్లికి పోయేవాళ్ల కొత్త బట్టల గంజి, అన్నీ ఈ ముక్కు మీదుగానే పోయాయి.

మదనపల్లె బండి భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు సగం మందికి కడుపులో తిప్పేది. ఆడవాళ్లు నిమ్మకాయ కొంగులో పెట్టుకుని వచ్చి వాసన చూస్తూ కూర్చునేవాళ్లు. అలాంటప్పుడు పక్కన ఎవరైనా ఘాటు సెంటు దట్టించుకుని కూర్చున్నాడంటే ఇక అంతే సంగతులు. ఒకసారి ఒక అబ్బాయి తెల్ల చొక్కా, దువ్విన క్రాపు, పెళ్లిచూపులకు పోతున్నాడు. బస్టాండులో ఎక్కినప్పుడే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, అంత సెంటు. మూడో మలుపులో వెనక సీటు పెద్దమ్మ “నాయనా, కొంచెం జరుగు” అనేలోపే అతని భుజం మీద జరగాల్సింది జరిగిపోయింది. ఆ చొక్కాతోనే పెళ్లిచూపులకు పోయాడో, పీలేరులో దిగి కొత్తది కొన్నాడో తెలియదు. సెంటు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వేసుకున్నవాడిని చూడను, వాడి పక్క సీటులో కూర్చున్న మనిషి మొహం చూస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ వ్యాసం వేరే దేశపు వసంతానికి రాసింది. మన వసంతం ఉగాదితో మొదలవుతుంది. అప్పటికే ఇక్కడ 37, 38 డిగ్రీలు. పంచాంగం ప్రకారం చైత్రం, వైశాఖం రెండూ వసంతమే, కానీ వైశాఖంలో తిరుపతికి 40 దాటడం కొత్తేమీ కాదు. మనకూ పూలు లేకపోలేదు. వాకిట్లో వేప పూత రాలుతుంది. రాత్రి 8 తర్వాత ఎండ చల్లారాక ఆ చేదు తీపి వాసన వీధంతా పడుతుంది. కానుగ చెట్ల కింద పూలు పేలాలు ఒంపినట్టు ఉంటాయి. చంద్రగిరి దాటితే మామిడి తోటల్లో పిందెలు. సాయంత్రం అయితే లీలామహల్ సర్కిల్ దగ్గర మల్లె మూరలు. కానీ ఈ పూలన్నీ పొద్దు గూకాక వాసన ఇచ్చేవే. పగటి పూట వసంతం అంటే మనకు ఎండే.

తిరుమలలో చైత్ర పౌర్ణమికి ముగిసేలా ఏటా మూడు రోజులు వసంతోత్సవం జరుగుతుంది కదా. ఉత్సవమూర్తులకు పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు, పసుపు, గంధంతో తిరుమంజనం చేస్తారు. ఎండ వేళ స్వామికి ఉపశమనం కోసం చేసే ఉత్సవం అని పెద్దలు చెప్పగా విన్నాను. స్వామికే వసంతంలో చల్లదనం కావాల్సి వస్తే, మీ వ్యాసం మాత్రం మాకు “వెచ్చటి వనిల్లా, తియ్యటి అంబరు, వసంత సాయంత్రాలకు చక్కటి జోడీ” అని చెప్పింది.

ఆ వెచ్చటి వనిల్లా సంగతి నాకు అనుభవం.

రెండేళ్ల కిందట మా అల్లుడు చెన్నైలో ఒక పెద్ద మాల్‌కు తీసుకుపోయాడు. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే నాకు తుమ్ములొచ్చాయి. సెంట్ల అంగడిలో కుర్రాడు తెల్ల కాగితం ముక్కల మీద చల్లి ఒకటొకటిగా చేతికిచ్చాడు. నాలుగోదో ఐదోదో ముక్కుకు పెట్టుకోగానే పెళ్లింట్లో జిలేబీలు వేస్తున్న వంటశాల గుర్తుకొచ్చింది. ఊదు కట్టె, వనిల్లా అని చెప్పాడు. సీసా 4,800 రూపాయలు. నా మొదటి నెల జీతం కన్నా ఎక్కువ. వద్దంటే అల్లుడు వినలేదు.

వైశాఖంలో మా చెల్లెలి కొడుకు పెళ్లి. తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం. ముహూర్తం పగలు 11 దాటాక. నేను మేనమామను, పట్టు పంచె, కండువా. ఇంత ఖరీదైన సెంటు ఇంకెప్పుడు వేసుకుంటానని ఆరు సార్లు కొట్టుకున్నాను, మెడకు రెండు, చొక్కాకు రెండు, కండువాకు రెండు. స్కూటరు మీద ఎండలో బయలుదేరి మండపం చేరేసరికి చెమటతో వీపు తడిసింది. గుమ్మంలో పిల్లలు పన్నీరు చల్లారు, చేతికి గంధం పూశారు, కలకండ పెట్టారు. పీటల దగ్గరికి పోయి నిలబడ్డాను. ఒకపక్క హోమం పొగ, ఒకపక్క మల్లె దండలు, మధ్యలో నేను.

కాసేపటికి పురోహితుడు మంత్రం ఆపి ముక్కు ఎగబీల్చాడు. “పాకం మాడతా ఉన్నట్టుందే, వంటశాలలో ఎవరన్నా చూడండయ్యా” అన్నాడు. ఒక పిల్లాడు పరుగెత్తాడు. వంటమాస్టరు గరిటెతో సహా వచ్చి, “మాదేం మాడలేదు సామీ, పాయసం దించి గంటయింది” అని అందరి ముందూ చెప్పి పోయాడు. మళ్లీ మంత్రం మొదలైంది. వాసన పోలేదు. మా ఆవిడ అటూ ఇటూ చూసి, మెల్లగా వచ్చి నా భుజం దగ్గర వాసన చూసింది.

“మాడింది మీరేనండీ” అంది చెవిలో.

కొళాయి దగ్గరికి పోయి మెడ కడుక్కున్నాను, పోలేదు. ఆ సెంట్లలోని నూనె నీళ్లకు వదలదు. వంటశాలలో ఇంత కొబ్బరినూనె అడిగి పూసుకుని సబ్బుతో రుద్దితే కొంచెం తగ్గింది. కండువాకు పడిన రెండు మరకలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఈ తప్పులో ఆ అంగడి కుర్రాడిది ఎంత, నాది ఎంత అని లెక్కేస్తే నాదే ఎక్కువ. ఏసీలో, కాగితం మీద, ఐదు వాసనలు కలిపి చూసి, 40 డిగ్రీల ఎండలో ఆరు సార్లు కొట్టుకున్నది నేనే కదా.

మా అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివింది. పెళ్లి భోజనాలయ్యాక నవ్వడం ఆపి కూర్చోబెట్టి చెప్పింది. సెంటులో ఒక వాసన కాదు, పదుల కొద్దీ ఉంటాయి, అన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు అని. ఆ మాట వినగానే నాకు మా చిత్తూరు బండి గుర్తుకొచ్చింది. నిమ్మ, నారింజ లాంటి వాసనలు తిరుపతి బస్టాండులో ఎక్కి చంద్రగిరిలో దిగిపోయే జనం. ఎక్కేటప్పుడు గోల వాళ్లదే, పది ఇరవై నిమిషాల్లో కనపడరు. పూల వాసనలు, మసాలా దినుసుల వాసనలు పూతలపట్టు దాకా వస్తాయి. గంధం, వట్టివేరు, ఊదు, వనిల్లా, కస్తూరి రకాలు చిత్తూరు టికెట్టు తీసుకున్నవాళ్లు. మొదట మాట్లాడరు. అందరూ దిగాక మీతో మిగిలేది వాళ్లే. అంగడిలో కాగితం మీద మనం చూసేది చంద్రగిరి జనాన్ని. డబ్బు కట్టేది చిత్తూరు దాకా.

ఎండ వేడికి ఈ బండి ఇంకా స్పీడుగా పోతుంది. ఒళ్లు వేడిగా ఉంటే సెంటు ఒకేసారి గుప్పున లేస్తుంది, తొందరగా అయిపోతుంది కూడా. చలికాలంలో నాలుగు సార్లు కొట్టుకుంటే వచ్చే ఘాటు చైత్రంలో రెండుసార్లకే వస్తుంది. మీ వ్యాసంలో ఎక్కడా ఈ మాట లేదు. “మెడ, మణికట్టు, ఛాతీ, మోచేతి మడత” అని వరసగా రాసుకుంటూ పోయారు. అన్ని చోట్లా పూసుకుని మా బండి ఎక్కితే నేను విజిలు కొట్టి దింపేవాణ్ని.

సీసాల మీద రాసే పేర్ల గురించి కూడా ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది. ఓ ద కొలోన్ అంటే సుగంధ తైలం సుమారు 2 నుంచి 4 శాతం, మిగిలింది ఆల్కహాలు, నీళ్లు. ఓ ద తువాలెట్ అంటే 5 నుంచి 15 దాకా. ఓ ద పర్ఫ్యూమ్ అంటే 15 నుంచి 20 దాకా. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. శాతం ఎక్కువుంటే మంచి సరుకు అనుకుని మాల్‌లో నేను మూడో రకం కొన్నాను. పగటి ఎండకు మనకు మొదటి రెండే సరిపోతాయి. చిన్న సీసా జేబులో పెట్టుకుని సాయంత్రం మొహం కడుక్కున్నాక ఇంకోసారి చల్లుకోవచ్చు.

కొలోన్ అంటే నా తరం వాళ్లకు జ్వరమే గుర్తొస్తుంది. చిన్నప్పుడు జ్వరం వస్తే మా జేజి ఎవరింట్లోనో అడిగి తెచ్చిన ‘యూడీ కొలోన్’ నీళ్లలో కలిపి గుడ్డ తడిపి నుదుటి మీద వేసేది. ఆల్కహాలు ఆవిరవుతుంటే చల్లగా ఉండేది, నిమ్మ పువ్వు లాంటి వాసన. అదొక ఊరి పేరు అని నాకు 60 ఏళ్లు వచ్చాక తెలిసింది. జర్మనీలో కొలోన్ అనే పట్నంలో స్థిరపడిన ఫరీనా అనే ఇటలీ ఆయన కుటుంబం 1709 నుంచి ఆ వ్యాపారంలో ఉంది. 300 ఏళ్లు దాటిన ఆ నిమ్మజాతి నీళ్లే మన చైత్రానికి మీ కొత్త సీసాలన్నిటికన్నా నయం అని నా అభిప్రాయం. తొందరగా ఎగిరిపోతుంది, నిజమే. ఎగిరిపోవడమే అందులో నాకు నచ్చిన గుణం. ఎవరి నెత్తినా కూర్చోదు.

పెళ్లి తర్వాత ఏడాది రంజాన్ నెలలో మసీదు దగ్గర అత్తరు బండి పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాను. చిన్న చిన్న గాజు సీసాలు, గాజు పుల్లలు. నేను అలవాటుగా కాగితం అడిగాను. ఆయన నా మొహం చూసి, “కాయితం మీద చూస్తే కాయితం వాసనే అన్నా. చెయ్యి ఇట్టియ్” అని ముంజేతి వెనక ఒక చుక్క రాశాడు. రెండు చేతులూ కలిపి రుద్దబోతే ఆపాడు. “ఇప్పుడేం చెప్పొద్దు. పోయి టీ తాగి, ఎండలో ఒక రవుండు కొట్టి రా. అప్పుడు గూడా బాగుంటే కొను.”

పోయాను. టీ తాగాను. తీర్థకట్ట వీధి దాకా నడిచి వచ్చాను. చెమట పట్టింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి కుండలో వేసిన నీళ్ల వాసన. చిన్నప్పుడు మా ఊళ్లో కుండ అడుగున వట్టివేళ్ల కట్ట వేసేవాళ్లు. కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లితే మధ్యాహ్నం గదిలోకి వచ్చే గాలి గుర్తుందా మీకు? అదే. ఎండలో నడిచినా మాడిన వాసన రాలేదు. చేతికి ఒక జానెడు దూరంలో నిలబడ్డవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తరులో ఆల్కహాలు ఉండదు కాబట్టి గుప్పున లేవదు, చర్మాన్ని అంటుకుని నిదానంగా వస్తుంది.

“ఇది ఖస్ అన్నా, ఎండాకాలానికి ఇదే. గులాబ్, మొగలి కూడా ఉండాయి. హీనా, షమామా చలికాలంలో వచ్చి అడుగు” అన్నాడు ఆయన. మూడు మిల్లీలీటర్ల సీసా 150 రూపాయలు. అసలు వట్టివేరు తైలం ఆ ధరకు రాదు నాన్నా, కలిపి ఉంటారు అని మా అమ్మాయి అంది. ఉండొచ్చు. నా ముక్కుకు, నా పక్కవాడికి అది చాలు. ఒక్క జాగ్రత్త, అత్తరు నూనె కాబట్టి తెల్ల చొక్కాకు తగిలితే మరక పడుతుంది. ఒంటికే రాసుకోవాలి.

ఇందులో తమాషా ఏమిటంటే, మీ వ్యాసంలో వెటివర్ అని ఒక పేరు ఉంది, “ఫ్రెంచి వాళ్ల ప్రియమైన పచ్చటి వాసన” అని. అయ్యా, అది మన వట్టివేరే. తమిళం వాళ్ల వెట్టివేరు అనే మాటే వాళ్ల నోట వెటివర్ అయింది. గెర్లాన్ కంపెనీ 1959లో ఆ పేరుతోనే మగవాళ్ల సెంటు తెచ్చింది. ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇప్పుడు ఆ తైలం ఎక్కువగా హైతీ నుంచి, జావా నుంచి పోతుందట. మన కుండలోని వేరు ఊరంతా తిరిగి వచ్చి మనకే ఫ్రెంచి పేరుతో పరిచయం కావడం మీ పేజీలో చూశాను. ఒక్క వాక్యం రాసి ఉంటే చదివినవాడు పూజా సామాన్ల అంగడికి పోయి పది రూపాయల వేరు కొని బట్టల బీరువాలో అయినా పెట్టుకునేవాడు. నేను చేస్తున్నది అదే. చొక్కాలు తీసినప్పుడల్లా చల్లటి వాసన.

అత్తరు అంటే ముసలివాళ్ల వ్యవహారం అని కుర్రాళ్లు అనుకుంటారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ డేగులనే పెద్ద రాగి పాత్రల్లో పూలు, నీళ్లు వేసి కింద కట్టెల మంట పెట్టి, ఆవిరిని వెదురు గొట్టంలోంచి గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపి తీస్తారు. మొగలి పువ్వు వాసనకు పేరుపడ్డ గంజాం జిల్లా మన శ్రీకాకుళం పక్కనే ఉంది. కాల్చిన మట్టి నుంచి కూడా అత్తరు తీస్తారు, తొలకరి వాన వాసన. మీకు పేజీ నిండా రాయడానికి ఇందులోనే కావాల్సినంత సరుకు ఉంది.

పూల వాసన మగవాళ్లకు పనికిరాదనే మాట కూడా మీ వ్యాసంలో సగం సగంగా ఉంది. మా అమ్మాయి చెప్పిన సంగతి ఒకటి రాస్తాను. 1966లో దియోర్ కంపెనీ ‘ఓ సోవాజ్’ అని మగవాళ్ల సెంటు తెచ్చింది. నిమ్మజాతి వాసన వెనక మల్లెను గుర్తుచేసే హెడియోన్ అనే పదార్థం కొంచెం వాడారు. దాని తర్వాత మగవాళ్ల సెంట్లలో ఆ పదార్థం మామూలైపోయింది. మన దగ్గర పెళ్లికొడుకు మెడలో మల్లె దండ వేసి, బుగ్గన చుక్క పెట్టి, ఒంటికి గంధం పూసి కూర్చోబెట్టేది ఏ కాలం నుంచో. పూల వాసనకు ఆడామగా తేడా మనకు ఎప్పుడు వచ్చిందో నాకు అర్థం కాదు.

ఒక తప్పు మాత్రం దిద్దాలి. “శేషాచలం కొండల ఎర్రచందనం పరిమళం” అని రాశారు. ఎర్రచందనానికి పరిమళం లేదండీ. ఆ చెక్క తిరుపతి బొమ్మలు చేసే వాళ్ల దగ్గర చేతిలోకి తీసుకుని నేనే వాసన చూశాను, మామూలు కట్టె. దాని విలువంతా రంగులో, గట్టిదనంలో ఉంది. వాసనిచ్చే శ్రీగంధం వేరే చెట్టు, వేరే జాతి. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. అలిపిరి దగ్గర ఆటోవాళ్లు కూడా పొరుగు రాష్ట్రాల వాళ్లకు “గాలి పీల్చండి సార్, ఎర్రచందనం” అని చెప్తుంటారు. ఆ గాలిలో ఉండేది కర్పూరం, పెట్రోలు. పేపరులో వచ్చింది కాబట్టి ఒక చిన్న సవరణ వేయండి.

ఎండ సంగతికి మళ్లీ వస్తాను. బెర్గమాట్ అని ఒక రకం నారింజ తొక్క నూనె చాలా మగ సెంట్లలో ఉంటుంది. దాని సహజ నూనెలో ఉండే ఒక పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే మచ్చలు పడతాయి. పెద్ద కంపెనీలు ఇప్పుడు ఆ పదార్థం తీసేసిన నూనె వాడుతున్నాయి. అయినా సంతల్లో వచ్చే ఊరూ పేరూ లేని సీసాలకు గ్యారంటీ ఏముంది? మెడకు కొట్టుకుని బైకు మీద రేణిగుంట దాకా ఎండలో పోయే కుర్రాళ్లు బనీనుకు లోపలి వైపు కొట్టుకుంటే మంచిది. సీసాను బైకు సీటు కింద, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. వేడికి సెంటు పాడవుతుంది, స్ప్రే డబ్బాలైతే పేలే ప్రమాదం కూడా. మా ఇంట్లో కూడా మొదట పడమటి గోడకు ఆనుకున్న బీరువాలో పెట్టి, తర్వాత దేవుడి గది కింది అరలోకి మార్చాను. దీపానికి దూరంగా లెండి, ఆల్కహాలు కదా.

చెమట గురించి మీవాళ్లు మొహమాటపడ్డారు. చెమటకు స్వతహాగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడితేనే కంపు. దాని మీద సెంటు కొడితే కంపు పోదు, రెండూ కలిసి మూడోది పుడుతుంది. ఆ మూడోదాన్ని 31 ఏళ్లు పీల్చిన వాణ్ని. మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. కాలేజీ నుంచి వచ్చి స్నానం చేయకుండా బాడీ స్ప్రే సగం డబ్బా కొట్టుకుని మళ్లీ బయటికి పోతాడు. పటిక ముక్క తడిపి చంకలో రుద్దుకోరా, రూపాయి ఖర్చు, అంటే “బాబాయ్ మంగలంగడి వైద్యం” అని నవ్వుతాడు, నేను వాడికి పెదనాన్న అన్న సంగతి కూడా మర్చిపోయి.

కొండకు పోయేటప్పుడు మాత్రం ఏదీ వద్దని నా మాట. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల కొద్దీ వందల మంది ఒకే గదిలో కూర్చుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటారు. ఒక్కడి ఘాటు సెంటు అందరికీ శిక్ష. కొండ మీద పూలన్నీ స్వామివే అని మన ఆడవాళ్లు తలలో పూలే పెట్టుకోరు, మగవాళ్లకు సెంటు ఎందుకు? పచ్చకర్పూరం, తులసి, శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి అద్దే పునుగు పిల్లి తైలం, అక్కడి వాసనలు అక్కడివి. (పునుగును ఒకప్పుడు ఫ్రాన్సు వాళ్లు కూడా సెంట్లలో వాడేవాళ్లట, ఇప్పుడు ఎక్కువగా రసాయనంతోనే చేసుకుంటున్నారు.)

మీకు నా విన్నపం రెండు ముక్కలు. ఎర్రచందనం సవరణ ఒకటి. రెండోది, వచ్చే ఉగాదికి ఇలాంటి పేజీ వేసేటట్టయితే రాసేవాళ్లను ఒకసారి మధ్యాహ్నం 1 గంట బండికి తిరుపతి నుంచి చిత్తూరు పంపండి, నిలబడి. పూతలపట్టు దాటాక ఏ వాసన భరించగలిగారో అదే రాయమనండి.

ఉత్తరం పొడుగైంది, మీకు కావాల్సినంత కత్తిరించుకోండి. వంటమాస్టరు ముక్క మాత్రం ఉంచండి, మా చెల్లెలు చదివి నవ్వుకుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
కొర్లగుంట, తిరుపతి

తా.క.: ఆ 4,800 సీసా పారేయలేదు. పోయిన డిసెంబరులో మదనపల్లెలో బంధువుల ఇంటికి పోయి, అక్కడి నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కాం. పొద్దున 6 గంటలకు మంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి. కండువాకు ఒక్కసారి కొట్టుకున్నాను. మా ఆవిడ పక్కనే నడుస్తూ, “జిలేబీల వాసన వస్తాంది, ఇక్కడ హోటలు ఉందా?” అని అడిగింది. స్వెట్టరు కూడా ఆ రోజే తీశాం.